మట్టి ముందు పోయింది, మనిషి వెనక పోతున్నాడు

1

"మునిగిపోతున్న దీవులు" అన్న మాట ఈ మధ్య మన కవితల్లోనూ పత్రికా వ్యాసాల్లోనూ తరచుగా కనిపిస్తున్నది. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఎక్కడో కొన్ని చిన్న దీవులు ఉన్నాయి. భూగోళం వేడెక్కి సముద్రం పెరుగుతున్నది. ఆ నీరు దీవులను మింగేస్తున్నది. అక్కడి అమాయక ప్రజలు కట్టుబట్టలతో పరాయి దేశాలకు పోవలసి వస్తున్నది. ఇదీ ఆ మాట వెనక ఉన్న కథ. ఈ కథలో జాలి ఉంది. పెద్ద అబద్ధం కూడా లేదు. లేనిది చరిత్ర. ఈ కథ ప్రకారం ఆ దీవులకు నిన్న అనేది లేదు; ఆ ప్రజలకు కష్టం మొట్టమొదట సముద్రం రూపంలోనే వచ్చింది. వాళ్ళు ఏ పని చేసి బతికారు, ఎవరి లాభం కోసం చేశారు, ఏ షరతుల మీద చేశారు అన్న ప్రశ్నలకు ఇందులో చోటు లేదు. ముద్దాయి సముద్రుడే అయినప్పుడు ఇక విచారణ ఎవరి మీద?

ఉప్పెనను వర్ణించడం మన సాహిత్యానికి కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత ఎంత కవిత్వం వచ్చిందో మనకు తెలుసు. అందులో మంచిదేదో తేల్చడానికి మన విమర్శ ఒక గీటురాయి వాడింది: కొట్టుకుపోయినవి గుడిసెలే ఎందుకయ్యాయి అని ఆ కవిత అడిగిందా లేదా? పసిఫిక్ దీవుల మీద రాసేటప్పుడు కూడా ఆ గీటురాయిని పక్కన పెట్టనక్కరలేదు. అందుకు ఒక దేశం చరిత్రను తీసుకుందాం.

ఆ దేశం కిరిబాస్. ఇంగ్లీషు అక్షరాలను బట్టి మన పత్రికలు "కిరిబటి" అని రాస్తాయి గాని, ఆ దేశస్థులు పలికేది కిరిబాస్ అనే. ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ పేరు మీద తెల్లవాళ్ళు ఈ దీవులను గిల్బర్ట్స్ అన్నారు. ఆ పేరు స్థానికుల నోట నలిగి కిరిబాస్ అయింది. దీవులు 33. నేలంతా కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 1,20,000. ఈ 33 దీవుల్లో 32 పగడపు దిబ్బలు. చాలాచోట్ల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు ఉండవు. ముప్పై మూడోది మాత్రం 80 మీటర్ల ఎత్తుకు లేచిన దీవి. దాని పేరు బనాబా. సముద్రం పెరుగుతున్న ఈ కాలంలో దేశం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఎత్తైన నేల అది. ఆ నేల ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? మన చరిత్ర అక్కడ మొదలవుతుంది.

2

పసిఫిక్ ఐలండ్స్ కంపెనీ అనే బ్రిటిష్ వ్యాపార సంస్థకు సిడ్నీలో ఒక ఆఫీసు ఉండేది. అక్కడ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఒక రాయిని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి పరీక్ష చేయించాడు. నౌరు దీవి నుంచి వచ్చిన ఆ రాయి మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. నౌరు పొరుగునే ఉన్న బనాబాలోనూ అదే రాయి ఉండాలని ఊహించి, ఎల్లిస్ 1900 మే నెలలో అక్కడ దిగాడు. దిగిన రోజుల్లోనే ఒక ఒప్పందం రాయించాడు. దీవి మీద ఫాస్ఫేట్ తవ్వుకునే హక్కు 999 ఏళ్ళ పాటు కంపెనీది. అందుకు ప్రతిఫలం ఏడాదికి 50 పౌన్లు, లేదా అంత విలువ చేసే సరుకు. ఒప్పందం మీద గుర్తు పెట్టిన పెద్దమనిషిని కంపెనీ "రాజు" అని రాసుకుంది. దీవినంతటినీ ఇచ్చివేసే అధికారం గల రాజు బనాబాలో ఎన్నడూ లేడు. అక్కడ భూమి కుటుంబాలది. మరుసటి ఏడు, 1901లో, బ్రిటిష్ ప్రభుత్వం ఆ దీవిని తనదిగా ప్రకటించుకుంది. ముందు వర్తకుడి కాగితం, వెనక ప్రభువు జెండా: ఈ వరస భారతదేశంలో మనం చూసినదే.

ఫాస్ఫేట్ ఎవరికి కావాలి? ఆస్ట్రేలియా, న్యూజీలండ్ నేలల్లో భాస్వరం తక్కువ. ఫాస్ఫేట్ రాతిని పొడి చేసి గంధకామ్లంతో కలిపితే సూపర్ ఫాస్ఫేట్ వస్తుంది. మన రైతులు "సూపర్" అని పిలిచే ఎరువు అదే. దాన్ని చల్లితే బీడు నేలలో గోధుమ పండింది, పచ్చిక పెరిగింది, గొర్రెలూ పశువులూ వృద్ధి అయ్యాయి. 1920లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్ ప్రభుత్వాలు మూడూ కలిసి ఈ గనులను కొనివేసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ అనే సంస్థను పెట్టాయి. ఆ సంస్థ నియమం గమనించదగింది. సరుకును ఆ దేశాల రైతులకు లాభం వేసుకోకుండా, అసలు ఖర్చుకే ఇవ్వాలి. పైకి ఇది ప్రజాహితంగా కనిపిస్తుంది. లాభం వేసుకోకపోతే నేల యజమానికి పంచవలసిన లాభమూ ఉండదు. ప్రపంచంలో అతి సంపన్న వ్యవసాయాల్లో రెండింటికి, 6 చదరపు కిలోమీటర్ల దీవి ఎనిమిది దశాబ్దాలు సబ్సిడీ ఇచ్చిందన్న మాట.

1920ల చివరికి బనాబా ప్రజలు ఇక భూమి ఇవ్వబోమన్నారు. అప్పుడు ఆ వలస పరగణాకు రెసిడెంట్ కమిషనర్ ఆర్థర్ గ్రింబుల్. సాహిత్య విద్యార్థులు ఈ పేరును గుర్తుంచుకోవాలి. 1952లో ఆయన రాసిన 'ఎ ప్యాటర్న్ ఆఫ్ ఐలండ్స్' విపరీతంగా అమ్ముడుపోయింది. ఇంగ్లండులో బడిపిల్లలు చదువుకున్నారు. దాని ఆధారంగా సినిమా వచ్చింది. దీవుల వెన్నెల, అక్కడి ఆచారాలు, కుర్ర అధికారి తడబాట్లు, అన్నీ హాయిగా నవ్విస్తూ చెప్పే పుస్తకం. అదే గ్రింబుల్ 1928 ఆగస్టులో ఒక బనాబా గ్రామస్థులకు వాళ్ళ భాషలోనే ఒక ఉత్తరం రాశాడు. సంతకాలు పెడితే మేలు జరుగుతుందనీ, పెట్టకపోతే భూమి ఎలాగూ పోతుందనీ, ఊరు కూడా మిగలకపోవచ్చుననీ దాని సారాంశం. నిర్బంధంగా భూమి తీసుకునే చట్టం వెంటనే వచ్చింది. అర్ధశతాబ్దం తరువాత లండన్ కోర్టులో ఆ ఉత్తరం బయటపడినప్పుడు న్యాయమూర్తి దాన్ని తీవ్రంగా విమర్శించారు. దీవుల మీద ప్రేమ గల పుస్తకమూ, దీవిని లాక్కున్న ఉత్తరమూ ఒకే చేతి రాత. ఆ ప్రేమ దొంగ ప్రేమ అని నేననను. శ్రమనూ భూమినీ వదిలేసి వెన్నెలను మాత్రమే రాసే ప్రేమకు ఎంత విలువ ఉంటుందో ఈ ఉదాహరణ చెబుతున్నది.

యుద్ధకాలంలో, 1942లో, జపాన్ సైన్యం దీవిని పట్టుకుంది. జనాన్ని వేరే దీవులకు తరలించింది. మిగిలిన సుమారు 150 మంది కూలీలను, యుద్ధం ముగిసిన రోజుల్లో చంపేసింది. బతికి బయటపడ్డవాళ్ళను బ్రిటిష్ ప్రభుత్వం ఒకచోట చేర్చింది గాని బనాబాకు తీసుకుపోలేదు. మీ ఇళ్ళు నాశనమయ్యాయి, ఉండే వీలు లేదు అన్నది. 1945 డిసెంబరు 15న బనాబన్లను, వాళ్ళతో ఉన్న కొందరు గిల్బర్ట్ దీవుల వాళ్ళను కలిపి వెయ్యిమందిని, రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఫిజీ దేశంలోని రాంబీ అనే దీవిలో దించారు. నివాసానికి గుడారాలు ఇచ్చారు. ఆ రాంబీ దీవిని కొన్నది బనాబన్ల ఫాస్ఫేట్ సొమ్ముతోనే. తమ నేల అమ్మిన డబ్బుతో తమ ప్రవాసాన్ని తామే కొనుక్కున్నారు.

ప్రజలు లేని దీవి మీద తవ్వకం నిరాటంకంగా సాగింది. బనాబన్లు లండన్‌లో దావా వేశారు. సుదీర్ఘ విచారణ తరువాత 1976లో తీర్పు వచ్చింది. ప్రభుత్వానికి బాధ్యత ఉన్నది నిజమే కాని అది కోర్టు ద్వారా అమలు చేయించగల బాధ్యత కాదు అన్నది దాని ముఖ్యాంశం. 1979లో గని మూతపడింది. అప్పటికి సుమారు రెండు కోట్ల టన్నుల ఫాస్ఫేట్ పోయింది. దీవి పైభాగంలో అత్యధిక భాగం సున్నపురాతి మొనలతో నిండిన గుంతలుగా మిగిలింది. అదే ఏడాది జులై 12న కిరిబాస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చారు. మూతపడిన గని కొత్త దేశం వాటాకు వచ్చింది.

3

ఈ గనిలో తవ్వింది ఎవరు? ఎక్కువగా బనాబన్లు కారు. గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల నుంచీ, జపాన్, చైనాల నుంచీ ఒప్పందం మీద తెచ్చిన కూలీలు. పసిఫిక్‌లో ఇది కొత్త పద్ధతి కాదు. 1863లో పెరూ దేశపు ఓడలు వచ్చి ఇప్పటి తువాలులోని నుకులైలై దీవి జనాభాలో ఎక్కువమందిని మాయమాటలు చెప్పి ఎక్కించుకుపోయాయి. వాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళు దాదాపు లేరు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్ తోటల కోసం దీవుల వాళ్ళను ఓడల్లో తేవడం మొదలైంది. 1904 దాకా సుమారు 62 వేల ఒప్పందాల మీద, ముఖ్యంగా ఇప్పటి వనువాటు, సాలమన్ దీవుల నుంచి మనుషులను తెచ్చి చెరకు కొట్టించారు. కొందరిని మోసంతో, కొందరిని బలవంతంగా, కొందరిని ఒప్పించి. 1901లో ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడగానే, ఇది తెల్లవారి దేశమని చెప్పి, వాళ్ళలో అత్యధికులను తిప్పి పంపే చట్టం చేసింది. చెరకు తోటలు వేయడానికి కావలసిన మనిషి, తోటలు నిలదొక్కుకున్నాక అక్కరలేకపోయాడు.

ఈ గొలుసులో మనవాళ్ళూ ఉన్నారు. బానిసత్వం రద్దయిన వెంటనే, 1834 నుంచి, మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీల ఓడలు నడిచాయి. ఆ దీవిలో తెలుగువాళ్ళకు చాలాకాలం "కోరంగీలు" అనే పేరుండేది. గోదావరి ముఖద్వారంలో వాళ్ళు ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరు అది. 1839లో ఆ కోరంగినే ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ మారిషస్‌కు గవర్నరుగా పనిచేసిన ఆర్థర్ గోర్డన్, 1875లో ఫిజీకి గవర్నరై, ఆ పద్ధతిని అక్కడికి మోసుకుపోయాడు. 1879 మే 14న 'లియోనిడస్' అనే ఓడ 463 మంది భారతీయులతో ఫిజీ చేరింది. 1916 వరకు 60 వేల పైచిలుకు మంది వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా ఓడలు పోయాయి. మొత్తంలో నాలుగోవంతు అలా మద్రాసు నుంచి పోయినవాళ్ళు. వాళ్ళలో తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు ఉన్నారు. ఫిజీ చెరకు మీద పెత్తనం సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీది. బనాబా మట్టి ఏ దేశపు పొలాలకు పోయిందో, ఫిజీ చెరకు లాభమూ ఆ దేశానికే పోయింది.

మనవాళ్ళు వేలుముద్ర వేసిన అగ్రిమెంటు, నోటిలో "గిర్మిట్" అయింది. ఐదేళ్ళ గడువు. రోజుకు మగవాడికి షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు అని కాగితం మీద ఉండేది. అప్పగించిన పని పూర్తయితేనే ఆ కూలి. ఈ పద్ధతిని విమర్శించేవారు కూలి రేటు దగ్గరే ఆగిపోతుంటారు. అసలు కీలకం మరొకటి. మామూలు కూలీ పని మానేస్తే కూలి పోతుంది. గిర్మిట్ కూలీ పని మానేస్తే నేరస్థుడవుతాడు. పనికి రాకపోయినా, చెప్పిన పని పూర్తి కాకపోయినా, తోట వదిలిపోయినా కోర్టు, జరిమానా, జైలు. యజమానిని మార్చుకునే హక్కు లేదు. కొరడా ఉన్న తోటలూ ఉన్నాయి, లేని తోటలూ ఉన్నాయి. యజమానిని వదిలిపోలేని కూలీ మాత్రం అన్ని తోటల్లోనూ ఉన్నాడు.

ఆ పద్ధతి దానంతట అది పోలేదు. తోటారాం సనాఢ్య వంటి గిర్మిట్ కూలీ 1914లో తన ఇరవై ఒక్క ఏళ్ళ అనుభవాన్ని హిందీలో పుస్తకంగా తెచ్చాడు. 1916లో ఆండ్రూస్, పియర్సన్ల నివేదిక వచ్చింది. దేశమంతటా ఆందోళన లేచింది. 1920 జనవరి 1న చివరి ఒప్పందాలు రద్దయ్యాయి. ఆ ఏడూ, మరుసటి ఏడూ ఫిజీలో భారతీయ కార్మికుల సమ్మెలు జరిగాయి. ఒక కూలీ రాసిన పుస్తకం ఒక దోపిడీ పద్ధతి రద్దుకు తోడ్పడిన ఉదాహరణ ఇది. మన సాహిత్య చరిత్రల్లో దీనికి చోటు దొరకవలసి ఉంది.

4

ఇప్పుడు సముద్రం దగ్గరకు వద్దాం. 1901కీ 2018కీ మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం లెక్క తేల్చింది. ఆ పెరుగుదల వేగం పెరుగుతూ వస్తున్నది. కారణం బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం. ఈ పొగలో పసిఫిక్ దీవుల వాటా లెక్కకు రానంత తక్కువ. ప్రపంచంలో బొగ్గును అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి.

అయితే "మునిగిపోవడం" అన్న మాటను కాస్త పరీక్షించాలి. తువాలు దేశంలోని 101 దీవులను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. 1971 నుంచి 2014 వరకు అక్కడ నేల మొత్తం మీద తగ్గలేదు, 2.9 శాతం పెరిగింది. అలలు పగడపు ఇసుకను ఒకచోట కోసి మరొకచోట పోస్తాయి. దీన్ని పట్టుకుని ప్రమాదమే లేదని వాదించేవారు ఉన్నారు. వాళ్ళు చూడనిది నేల కింద ఉంది. పగడపు దిబ్బ మీద నది ఉండదు, చెరువు ఉండదు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతుంది. బావి నీరు అదే, పైరు నీరు అదే. కిరిబాస్ వాళ్ళు ఆ నీటి మట్టం దాకా గుంటలు తవ్వి బబై అనే పెద్ద చేమదుంపను పండిస్తారు. పోటు ఎక్కువై ఒక్కసారి ఉప్పునీరు గుంటలో పడితే ఏళ్ళ పంట పోతుంది. అంటే దీవి సముద్రంలోకి జారకముందే బావి చస్తుంది, దుంప కుళ్ళుతుంది. ముందుగా మునిగేది బతుకుతెరువు. బయటి దీవుల్లో పని లేక జనం రాజధాని అయిన దక్షిణ తరావాలో గుమిగూడారు. దేశ జనాభాలో సగానికి పైగా ఇప్పుడు అక్కడే ఉన్నది. అక్కడి నీటికి అదనపు బరువు అది.

బనాబా బాగుండి ఉంటే లక్షమందినీ మోసేదని ఎవరూ అనరు. ఆరు చదరపు కిలోమీటర్లు అంత మందికి చాలవు. దేశానికి ఉన్న ఒకే ఒక్క ఎత్తైన నేలను పరాయి పచ్చిక కోసం ఖర్చు చేసి, ఆ తరువాత "మీకు ఎత్తైన నేల లేదు, ఏం చేద్దాం" అని విచారించడంలోని అన్యాయం మాత్రం అలాగే ఉంటుంది.

5

2003 నుంచి 2016 దాకా కిరిబాస్ అధ్యక్షుడిగా ఉన్న అనోటే టోంగ్ "గౌరవంతో వలస" అనే విధానాన్ని ముందుకు తెచ్చాడు. శరణార్థులుగా చేతులు చాచకుండా, చదువూ పనితనమూ నేర్చుకుని పోదాం అన్నది దాని భావం. 2014లో ఆయన ప్రభుత్వం ఫిజీలోని వనువా లేవు దీవిలో సుమారు 5,500 ఎకరాలు కొన్నది. ఆ భూమి మీద అప్పటికే ఒక ఊరు ఉంది. ఊరివాళ్ళు, వెనకటి రోజుల్లో తోటల్లో పనికి తెచ్చిన సాలమన్ దీవుల కూలీల వారసులు. పాత వలసకూలీ మనుమలు కాలు నిలుపుకున్న నేలనే కొత్త వలసకు చోటుగా కొనవలసి వచ్చింది. 2016లో వచ్చిన తరువాతి అధ్యక్షుడు తనేటి మామౌ, దేశం ఖాళీ చేయడం మీద గాక దేశంలోనే నిలవడం మీద దృష్టి పెడతామన్నాడు.

మరి పోదలచినవాడికి దారి ఏది? ఐయోనే టెయిటియోటా అనే కిరిబాస్ పౌరుడు, మా దీవిలో బతకలేము గనుక ఆశ్రయం ఇమ్మని న్యూజీలండ్ కోర్టులను అడిగాడు. అన్ని కోర్టులూ కాదన్నాయి. 2015లో తిప్పి పంపారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ 2020 జనవరిలో వెల్లడించిన నిర్ణయంలో ఆయన ఫిర్యాదును ఒప్పుకోలేదు. వాతావరణ మార్పు వల్ల ప్రాణాపాయం ఉన్నచోటికి మనిషిని తిప్పి పంపడం ముందుముందు తప్పు కావచ్చునని మాత్రం సూత్రం చెప్పింది. శరణార్థిగా తలుపు మూసి ఉంది. కూలీగా అయితే తెరిచి ఉంది.

2007లో న్యూజీలండ్, 2008లో ఆస్ట్రేలియా పసిఫిక్ దీవుల నుంచి సీజను కూలీలను తెచ్చే పథకాలు పెట్టాయి. రెండింటిలోనూ మొదటి నుంచీ ఉన్న దేశాల్లో కిరిబాస్ ఒకటి. యాపిల్, ద్రాక్ష, కివీ, నారింజ, అరటి తోటల్లో కోత, కాపు దించడం, ప్యాకింగు. ఆస్ట్రేలియాలో తరువాత మాంసం కర్మాగారాల్లో కూడా. ఇటీవలి సంవత్సరాల్లో ఒక్క ఆస్ట్రేలియా పథకం కిందనే ఒకేసారి 30 వేల మందికి పైగా పనిలో ఉంటున్నారు. తాతల నేలను పొడి చేసి చల్లిన దేశపు పొలాల్లోకి, మనుమలు ఇప్పుడు కాయలు కోయడానికి వెళ్తున్నారు. మట్టి ముందు పోయింది, మనిషి వెనక పోతున్నాడు.

వెళ్ళవద్దని చెప్పే అధికారం మనకు లేదు. ఆ సంపాదనతో దీవుల్లో ఇళ్ళు లేచాయి, పిల్లల ఫీజులు కట్టారు. కొరడా లేదు, వేలుముద్ర మోసం లేదు, చట్టం కనీస కూలి ఇమ్మంటున్నది. గిర్మిట్‌కూ దీనికీ తేడా లేదని రాస్తే అది ఆవేశమే అవుతుంది, విమర్శ కాదు. అయినా ఆ పాత కీలకం ఉన్నచోటనే ఉంది. వీసా ఒక యజమానితో ముడిపడి ఉంటుంది. కూలీ తనంతట తాను యజమానిని మార్చుకోలేడు. వదిలి బయటికి వస్తే పారిపోయినవాడి కింద లెక్క, దేశంలో ఉండే హక్కుకే ముప్పు. విమానం ఖర్చు, బస అద్దె, బండి చార్జీ జీతంలో కోస్తారు. 2022లో ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ ముందు పసిఫిక్ కూలీలు వచ్చి, కోతలు పోను చేతికి ఏమీ మిగలడం లేదని సాక్ష్యం చెప్పారు. సీజను పనికి పోయేవాడు భార్యాబిడ్డలను తీసుకుపోలేడు. మన పల్లెల్లో గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, గల్ఫులో యజమాని దగ్గర ఉండిపోయే పాస్‌పోర్టు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ ముడి సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు.

1999 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ "గౌరవప్రదమైన పని" అనే మాటను వాడుతున్నది. పని, హక్కులు, సామాజిక భద్రత, తన గొంతు వినిపించే అవకాశం ఈ నాలుగూ కలిస్తేనే అది గౌరవప్రదమైన పని. ఈ మాట తీర్మానాల్లో పుట్టినా, పొలంలోకి వచ్చేది పోరాటం ద్వారానే. ఆస్ట్రేలియా తోటల్లో కోసిన కాయల లెక్కన కూలి ఇచ్చే పద్ధతిలో కనీస కూలికి హామీ ఉండేది కాదు. కార్మిక సంఘం దావా వేసి గెలిచింది. 2022 ఏప్రిల్ నుంచి ఎంత తక్కువ కోసినా గంటకు కనీస కూలి ఇవ్వవలసిందే. దీవుల కూలీకీ అది వర్తిస్తుంది.

కిరిబాస్ పొరుగుదేశం తువాలు. ఒకప్పటి ఎల్లిస్ దీవులు. మొత్తం 26 చదరపు కిలోమీటర్ల నేల, పదివేల పైచిలుకు జనం. 2023 నవంబరులో ఆస్ట్రేలియా దానితో "ఫలేపిలి" అనే ఒప్పందం చేసుకుంది. ఆ మాటకు తువాలు భాషలో ఇరుగుపొరుగు ధర్మం అని అర్థం. 2024 ఆగస్టులో అమలులోకి వచ్చింది. ఏడాదికి 280 మందికి ఆస్ట్రేలియాలో స్థిరనివాసం. చదువుకోవచ్చు, ఎక్కడైనా పని చేయవచ్చు, కుటుంబంతో ఉండవచ్చు, ఇష్టమైతే తిరిగి పోవచ్చు. సీజను వీసాతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు మేలు. యజమాని ముడి ఇందులో లేదు. 2025లో మొదటి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 పేర్లు నమోదయ్యాయి. దేశంలో ప్రతి పదిమందికీ సుమారు ఎనిమిది పేర్లు. అయితే అదే ఒప్పందంలో మరో షరతు ఉంది: భద్రతకు సంబంధించిన విషయాల్లో తువాలు మరే దేశంతో ఏర్పాటు చేసుకోవాలన్నా ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. 1900లో 50 పౌన్లకు నేలహక్కు రాయించుకున్నారు. 2023లో 280 వీసాలకు విదేశాంగ స్వేచ్ఛలో ఒక ముక్క రాయించుకున్నారు. రెండు కాగితాలూ ఒకటి కావు. ఈసారి సంతకం పెట్టింది ఎన్నికైన ప్రభుత్వం. కాని నీళ్ళు గడప దాకా వచ్చినవాడితో బేరమాడడంలో ఎవరికి బలం ఉంటుందో చెప్పనక్కరలేదు.

6

ఈ చరిత్రలో దీవుల ప్రజలు ఊరికే నిలబడి ఏడ్చినవాళ్ళు కారు. భూమి ఇవ్వమన్నారు, దావాలు వేశారు, సమ్మెలు చేశారు. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలని ఉద్యమం మొదలుపెట్టారు. వనువాటు ప్రభుత్వం ఆ ప్రశ్నను ఎత్తుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 2025 జులై 23న న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం దాకా పోవచ్చు, నేల మునిగినంత మాత్రాన దేశం దేశం కాకుండా పోనక్కరలేదు. ఇది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. అయినా 1976లో లండన్ కోర్టు బనాబన్లకు చెప్పిన "కోర్టు అమలు చేయించలేని బాధ్యత" అన్న మాటకు అర్ధశతాబ్దం తరువాత దొరికిన జవాబుగా దీన్ని చదవవచ్చు. ఆ జవాబును రాబట్టింది విద్యార్థులు.

సాహిత్యంలోనూ వాళ్ళు తమ మాట తాము చెబుతున్నారు. టోంగా మూలాల రచయిత ఎపెలి హౌఒఫా 1993లోనే, మావి దూరపు సముద్రంలోని చిన్న దీవులు కావు, దీవులతో నిండిన ఒక మహాసముద్రం మాది అని వాదించాడు. బనాబా వంశస్థురాలైన కటెరినా టెయివా 2014లో తన దీవి ఫాస్ఫేట్ ఏయే పొలాల్లోకి పోయిందో వెతుకుతూ పుస్తకమే రాసింది. మార్షల్ దీవుల కవయిత్రి కేథీ జెట్నిల్ కిజినర్ 2014లో ఐక్యరాజ్యసమితి సభలోనే కవిత చదివింది.

వీళ్ళను అనువదించుకోవలసిన పని మనకు ఉంది. అంతకన్నా ముందు, మన రాతలో సరిచేసుకోవలసింది ఒకటుంది. దీవుల మీద కవితలో సముద్రం ఉంటే ఉండనీయండి. ఆ పక్కన బబై గుంట ఉండాలి, ఓడలోకి ఎక్కిన ఫాస్ఫేట్ ఉండాలి, కోతలు పడిన జీతం చీటీ ఉండాలి, దానిమీద యజమాని పేరు ఉండాలి. వాళ్ళకు ఉండే హక్కూ కావాలి, పోయే హక్కూ కావాలి, పోయినచోట యజమానిని వదిలి బయటికి నడిచే హక్కూ కావాలి. ఈ మూడింటినీ కలిపి అడగని జాలి గ్రింబుల్ పుస్తకంలోనే కావలసినంత ఉంది.